బండ – దుర్గం: హెబ్రీ లేఖనాల్లో దేవుని శిలారూపకం, దాని అనువాద సమస్య

ఉపోద్ఘాతం

హెబ్రీ లేఖనాలు దేవుణ్ణి పేర్కొనడానికి వాడిన రూపకాల్లో ‘త్సూర్’ విలక్షణమైనది. రాజు, కాపరి, తండ్రి, న్యాయాధిపతి వంటివి మానవ సంబంధాల నుంచి గ్రహించినవి. సింహం, పక్షిరాజు వంటివి ప్రాణిలోకానికి చెందినవి. త్సూర్ అంటే బండ, కొండరాయి. చూపు, మాట, కదలిక లేని వస్తువు. రాతిని, కొయ్యను పూజించడాన్ని ఇంత తీవ్రంగా నిరసించిన సాహిత్యం తన దేవుణ్ణి బండ అని సంబోధించడం మొదటి చూపులో విరుద్ధంగా తోస్తుంది. ఈ వైరుధ్యాన్ని ప్రాచీనకాలం నుంచీ అనువాదకులు గుర్తించారు. గుర్తించిన తర్వాత వారిలో ఎక్కువమంది దాన్ని తమ భాషలోకి తేకుండా దాటవేశారు.

తెలుగులో విస్తృతంగా ప్రచారంలో ఉన్న పాత బైబిలు అనువాదమే ఇందుకు నిదర్శనం. హోరేబులో మోషే కర్రతో కొట్టగా నీళ్లిచ్చిన త్సూర్ (నిర్గమకాండము 17:6) ఆ అనువాదంలో ‘బండ’. ఇశ్రాయేలీయులు ఏ త్సూర్ నుంచి చెక్కబడ్డారో అది కూడా (యెషయా 51:1) ‘బండ’. మోషే గీతంలో దేవుణ్ణి త్సూర్ అన్నచోట (ద్వితీయోపదేశకాండము 32:4, 18) మాత్రం ఆ పదం ‘ఆశ్రయదుర్గము’ అయింది. మరికొన్ని చోట్ల ‘శైలము’ అయింది. మూలంలో ఒకటే అయిన పదం అనువాదంలో విడిపోయింది. ఈ విభజన ఎందుకు జరిగింది, దానివల్ల కావ్యార్థానికి కలిగిన నష్టమేమిటి అన్నవి ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్నలు. త్సూర్ రూపకానికి ఆశ్రయం ఒక అర్థం మాత్రమేననీ, మనిషి చేతితో చెక్కబడకపోవడమే దాని మూలధర్మమనీ, కనడం, పోషించడం, మొర వినడం అనే భావాలు ఆ ధర్మం మీదనే నిలిచాయనీ ఇక్కడి ప్రతిపాదన. అధ్యాయ, వచన సంఖ్యలు తెలుగు బైబిలు క్రమాన్ని అనుసరించినవి.

పదాలు, ప్రకృతి

హెబ్రీ భాషలో రాతికి సంబంధించిన పదాల్లో మూడు ఈ చర్చకు ముఖ్యమైనవి. ‘త్సూర్’ నేలలో పాతుకుని ఉన్న బండ, కొండగా లేచిన శిల. అరమేయిక్ భాషలో దీనికి జ్ఞాతిపదమైన ‘టూర్’ అంటే కొండ. ‘సెలా’ నిటారుగా నిలిచిన కొండచరియ. ఎదోములోని ఒక కోటకు ఈ పదమే పేరయింది. ‘ఎబెన్’ విడిరాయి. ఎత్తగలిగినది, విసరగలిగినది, గోడకు పేర్చగలిగినది, చెక్కగలిగినది. దావీదు వడిసెలలో పెట్టినది ఎబెన్. ధర్మశాసనం రాసిన పలకలూ ఎబెన్ పలకలే. తెలుగులో బండకూ రాయికీ ఉన్న తేడా ఇంచుమించు ఇటువంటిదే. రాయి చేతిలోకి వస్తుంది, బండ రాదు.

యూదయ కొండసీమ సున్నపురాతి నేల. గుహలు, చీలికలు, లోయలు ఎక్కువ. సౌలు తరుముతుండగా దావీదు తలదాచుకున్న అదుల్లాము గుహ, ఏన్గెదీ కొండలు ఈ భూస్వరూపానికి చెందినవే. సౌలు చేతికి చిక్కబోయి దావీదు తప్పించుకున్న చోటికి సెలా పదంతో కూడిన పేరే పెట్టారని సమూయేలు మొదటి గ్రంథం చెబుతుంది (23:28). అందువల్ల బండను ఆశ్రయంగా భావించడం ఆ ప్రజలకు అనుభవం నుంచి వచ్చిన విషయం.

దేవుణ్ణి కొండతో అభేదంగా చెప్పడం ఇశ్రాయేలుకే పరిమితం కాదు. మెసొపొటేమియాలో ఎన్లిల్ దేవుడికి ‘మహాపర్వతం’ అనే బిరుదు ఉంది. ఇశ్రాయేలీయుల వ్యక్తినామాల్లోనూ ఈ భావన స్థిరపడింది. సంఖ్యాకాండం మొదటి అధ్యాయంలో కనిపించే ఎలీసూరు, సూరీషద్దాయి, పెదాసూరు అనే పేర్లలోని ‘సూరు’ ఈ త్సూరే. ఎలీసూరు అంటే ‘నా దేవుడు బండ’ అని అర్థం.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. పేర్లలో కూడా ఇమిడిపోయిందంటే త్సూర్ అప్పటికే రూఢి అయిపోయి ఉండవచ్చు. మన ఆలంకారికుల పరిభాషలో అది నిరూఢలక్షణ కావచ్చు. వాడేవారికీ వినేవారికీ బండ స్ఫురించకుండా ‘దేవుడు’ అనే అర్థమే నేరుగా స్ఫురించి ఉండవచ్చు. అలా అయితే అనువాదకులు బండను వదలివేయడం దోషం కాదు. ఈ ఆక్షేపణకు సమాధానం నిఘంటువులో దొరకదు. ఆ పదాన్ని కవులు ఏ సందర్భంలో, ఏ క్రియలతో కలిపి ప్రయోగించారో చూడాలి.

కీర్తనల్లో మాలారూపకం

ఆశ్రయమనే అర్థం ప్రధానంగా వ్యక్తమయ్యేది కీర్తనల్లో. 18వ కీర్తన రెండో వచనం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. దావీదు శత్రువులందరి చేతి నుంచి, సౌలు చేతి నుంచి విడుదల పొందిన రోజున పాడినదని దీని శీర్షిక తెలుపుతుంది. ఇదే గీతం కొద్ది తేడాలతో సమూయేలు రెండో గ్రంథం 22వ అధ్యాయంలోనూ ఉంది. సెలా, కోట, త్సూర్, డాలు, కొమ్ము, ఎత్తయిన దుర్గం – ఒకే ఉపమేయానికి ఇన్ని ఉపమానాలు వరుసగా ఆరోపించడం వల్ల ఇది మాలారూపకం అవుతుంది.

మాలారూపకానికి ఒక స్వభావం ఉంది. ఇరుగుపొరుగు ఉపమానాలు ఒకదాని అర్థాన్ని మరొకటి పరిమితం చేస్తాయి. కోటకూ డాలుకూ మధ్య నిలిచిన బండ కోటకూ డాలుకూ ఉన్న ధర్మాన్నే ప్రకటిస్తుంది. కాఠిన్యం, ఔన్నత్యం, దుర్గమత్వం ఇక్కడ సాధారణధర్మాలు. 31, 71 కీర్తనల్లోనూ బండ, కోట పక్కపక్కనే ఉంటాయి. ఈ సందర్భాల్లో త్సూర్‌కు ‘దుర్గం’ అనడం మూలభావానికి దూరం కాదు.

కాని కీర్తనలన్నీ ఈ మాలలో ఇమడవు. 89వ కీర్తన 26వ వచనంలో ‘తండ్రి’, ‘దేవుడు’ అనే సంబోధనల పక్కన ‘రక్షణ బండ’ వస్తుంది. 95వ కీర్తన మొదటి వచనంలో దేవుణ్ణి రక్షణ బండగా కీర్తించి, ఎనిమిదో వచనంలో మెరీబా, మస్సా స్థలాలను గుర్తుచేస్తుంది. బండ నుంచి నీళ్లు వచ్చిన చోటుకు నిర్గమకాండం ఇచ్చిన పేర్లివి. 78వ కీర్తన అరణ్యంలో బండలు చీల్చి నీళ్లిచ్చిన సంగతిని మొదట చెప్పి (15–16, 20), ప్రజలు తమ బండ దేవుడేనని జ్ఞాపకం చేసుకున్నారని తర్వాత చెబుతుంది (35). వాచ్యార్థంలోని బండ, రూపకంలోని బండ ఒకే కీర్తనలో ఒకే కథాసందర్భంలో కలుస్తున్నాయి. పదం రూఢమై జీవం కోల్పోయి ఉంటే కవికి ఈ కలయిక అవసరం ఉండేది కాదు. ఇక్కడ బండ దాచే చోటు కాదు, దప్పిక తీర్చే చోటు. కోట, డాలు ఈ పని చేయలేవు.

మోషే గీతంలో కన్న బండ

ద్వితీయోపదేశకాండం 32వ అధ్యాయంలోని మోషే గీతం ఈ రూపకానికి ప్రధానమైన ఆకరం. మరణానికి ముందు, యొర్దాను దాటకుండా, ఆకాశాన్నీ భూమినీ సాక్షులుగా పిలిచి మోషే వినిపించిన గీతంగా గ్రంథం దీన్ని నిలుపుతుంది. ఇందులో త్సూర్ ఎనిమిదిసార్లు వస్తుంది (4, 13, 15, 18, 30, 31లో రెండుసార్లు, 37). గీతంలోని ఈ అసాధారణమైన చిత్రణ ఆధునిక పరిశోధకుల దృష్టినీ ఆకర్షించింది. మైకేల్ నోల్స్ 1989లో దీనిమీదనే ప్రత్యేక వ్యాసం ప్రచురించారు.

నాలుగో వచనం త్సూర్ అనే పదంతోనే మొదలవుతుంది. ‘దేవుడు బండవంటివాడు’ అనే ఉపమగానీ, ‘దేవుడు బండ’ అనే రూపకంగానీ అక్కడ లేదు. ముందు వచనంలో దేవుని పేరు వచ్చినా ఈ వాక్యంలో బండ ఒంటరిగా నిలిచి, తన పని లోపం లేనిదనిపించుకుంటుంది. విషయాన్ని చెప్పకుండా విషయితోనే దాన్ని నిర్దేశించడాన్ని అప్పయ్య దీక్షితులు కువలయానందంలో రూపకాతిశయోక్తి అన్నారు. మోషే గీతంలోని ప్రయోగాలకు ఈ లక్షణం చక్కగా సరిపోతుంది. 31వ వచనానికి వచ్చేసరికి ఇతరుల దేవుడు, తమ దేవుడు అనే తారతమ్యం కూడా రెండు బండల తారతమ్యంగానే వ్యక్తమవుతుంది. ఉపమానం ఉపమేయాన్ని పూర్తిగా నిగరణం చేసింది. కీర్తనల మాలలో లాగా ఇక్కడ పక్కన కోట లేదు, డాలు లేదు. అర్థాన్ని ఒక ధర్మానికి కట్టివేసే ఉపమానాంతరం ఏదీ లేదు.

ఆ అర్థాన్ని నడిపేది గీతంలోని క్రియలు. 13వ వచనంలో దేవుడు తన ప్రజలకు సెలాలోంచి తేనె, చెకుముకి త్సూర్‌లోంచి నూనె ఇచ్చి పోషిస్తాడు. అక్కడ వాడిన క్రియ శిశువుకు పాలు కుడిపేటప్పుడు వాడేది. 18వ వచనం ఇంకా ముందుకు వెళ్తుంది. ప్రజలు తమను కన్న త్సూర్‌ను అలక్ష్యం చేశారనీ, తమకోసం ప్రసవవేదన పడిన దేవుణ్ణి మరచిపోయారనీ కవి నిందిస్తాడు. మొదటి సగంలోని ‘యాలద్’ అనే క్రియ తల్లికీ తండ్రికీ ఇద్దరికీ చెల్లుతుంది. తెలుగులో ‘కను’ ధాతువూ అంతే. కన్నతల్లి అంటాం, కన్నతండ్రి అనీ అంటాం. రెండో సగంలోని ‘హూల్’ అనే క్రియ మాత్రం నొప్పులతో మెలికలు తిరగడాన్ని తెలుపుతుంది. అది స్త్రీ అనుభవం. ఆరో వచనంలో తండ్రిగా చెప్పిన దేవుణ్ణి 18వ వచనంలో ప్రసవించిన తల్లిగా చెప్పడం, ఆ మాతృత్వాన్ని బండకు ఆపాదించడం కవి చేసిన సాహసం.

అచేతనమైన బండకు ప్రసవవేదన ఏమిటి? ఈ అసంగతత్వమే వాక్యానికి బలం. కన్నవారిని మరచిపోవడం ఎంత అస్వాభావికమో బండ కనడమూ అంత అస్వాభావికమే. బండ అయినా కన్నది, బిడ్డలు మాత్రం మరచిపోయారు. తెలుగులో రాతిగుండె అనేది నిర్దయకు పేరు. గీతంలో నిర్దయ బిడ్డలది, వేదన బండది. శ్రోత ఎదురుచూసిన ధర్మాలు తారుమారయ్యాయి.

ఇదే ముడి యెషయా గ్రంథం 51వ అధ్యాయంలో మరోసారి కనిపిస్తుంది. ప్రజలు తాము చెక్కబడిన త్సూర్‌ను, తవ్వబడిన గోతిని చూడాలని ప్రవక్త పిలుపునిస్తాడు. వెంటనే తండ్రి అబ్రాహామును, తమను కన్న శారాను చూడమంటాడు. శారా విషయంలో వాడిన క్రియ కూడా ‘హూల్’. ఇక్కడ బండ దేవుణ్ణి కాక వంశమూలాన్ని సూచిస్తుందన్నది నిజం. అయినా బండ, ప్రసవవేదన అనే రెండు భావాల జంట మోషే గీతంలోని ఏకాకి ప్రయోగం కాదని ఇది రుజువు చేస్తుంది. గొడ్రాలిగా ఉండి సమూయేలును కన్న హన్నా పాడిన గీతంలో దేవునివంటి త్సూర్ లేదనే ప్రకటన (1 సమూయేలు 2:2), గొడ్రాలు ఏడుగురిని కన్నదనే మాట (2:5) దగ్గరదగ్గరగా ఉండటమూ గమనించదగింది.

పరిహసించబడిన రాయి

మోషే గీతంలోని 18వ వచనాన్ని యిర్మీయా 2:27 పక్కన పెట్టినప్పుడు సమస్య సూటిగా ఎదురవుతుంది. కొయ్యను తండ్రీ అనీ, రాతిని నన్ను కన్నావనీ పిలిచే జనాన్ని యిర్మీయా అక్కడ ఎద్దేవా చేస్తాడు. ఆ మాటలోని క్రియ కూడా ‘యాలద్’. ఒక గ్రంథంలో ప్రజలు మరచిపోయినందుకు నింద పొందిన సత్యం, మరో గ్రంథంలో ప్రజలు పలికినందుకు పరిహాసం పొందిన అసత్యం ఒకే క్రియతో, దాదాపు ఒకే వస్తువుతో వ్యక్తమయ్యాయి.

‘దాదాపు’ అన్నదగ్గరే భేదం ఉంది. యిర్మీయా పరిహసించిన రాయి ఎబెన్, మోషే గీతంలో కన్నది త్సూర్. ఎబెన్ మనిషి తెచ్చుకున్నది, నిలబెట్టుకున్నది, తన ఇష్టం వచ్చిన రూపం ఇచ్చుకున్నది. దాన్ని ఉనికిలోకి తెచ్చినవాడే అది తనను కన్నదంటే కార్యకారణాలు తలకిందులవుతాయి. త్సూర్ మనిషికంటే ముందున్నది. దాన్ని ఎవరూ తేలేదు, నిలబెట్టలేదు, చెక్కలేదు. బలిపీఠాన్ని రాళ్లతో కట్టేటట్లయితే వాటిమీద పనిముట్టు పడకూడదనే నియమం (నిర్గమకాండము 20:25) ఇదే భావధారకు చెందినది. ఉలి తగలనిదే పవిత్రం.

ఈ భేదాన్ని బలపరిచే రెండు సందర్భాలున్నాయి. యెషయా 44:8లో దేవుడు తాను తప్ప మరో త్సూర్ లేదంటాడు. సరిగ్గా తరువాతి వచనం నుంచి విగ్రహ నిర్మాణంమీద సుదీర్ఘమైన వ్యంగ్యచిత్రణ మొదలవుతుంది. వడ్రంగి ఒకే చెట్టులో సగాన్ని పొయ్యిలో పెట్టి రొట్టె కాల్చుకుంటాడు, చలికాచుకుంటాడు; మిగిలిన సగాన్ని దేవుడిగా చేసి సాగిలపడతాడు. ‘తయారైన’ దేవుళ్ల గురించి చెప్పబోయే ముందు కవి ‘తయారు కాని’ పదార్థాన్ని తన దేవునికి పేరుగా వాడుకున్నాడు. హబక్కూకు గ్రంథం రెండో సందర్భం. మొదటి అధ్యాయం 12వ వచనంలో ప్రవక్త దేవుణ్ణి త్సూర్ అని సంబోధిస్తాడు. రెండో అధ్యాయం 19వ వచనంలో మూగరాతిని లెమ్మని వేడుకునేవాడికి శ్రమ అంటాడు. ఆ మూగరాయి ఎబెన్. మూడు అధ్యాయాల చిన్న గ్రంథంలో ఒకే కవి ఈ రెండు పదాలను ఇలా వేరుగా వాడాడు.

ఈ విభజనకు అపవాదం లేకపోలేదు. ఆదికాండం 49:24లో ‘ఇశ్రాయేలు ఎబెన్’ అనే దైవనామం ఉంది. కాని అది దేవుని బిరుదుగా వ్యాపించలేదు. కవులు మళ్లీ మళ్లీ ఎంచుకున్నవి త్సూర్, సెలా మాత్రమే. ఒక్క ప్రయోగం ఈ ప్రవాహాన్ని కాదనలేదు. పదాల ఎంపిక యాంత్రికమైన నియమం కాదని మాత్రం తెలుపుతుంది.

యూదు రబ్బీల వ్యాఖ్యాన సంప్రదాయం ఇదే స్థలాన్ని మరో దారిలో చేరుకుంది. బబులోను తల్ముదులోని బెరాఖోత్ భాగంలో హన్నా గీతంలోని ‘త్సూర్’ను ‘త్సయ్యార్’గా, అంటే చిత్రకారుడిగా చదివే శ్లేష ఉంది. మనిషి గోడమీద రూపం గీయగలడుగాని దానికి ప్రాణం పోయలేడనీ, దేవుడు రూపంలో రూపాన్ని, అంటే తల్లి గర్భంలో శిశువును, తీర్చి ప్రాణం పోస్తాడనీ ఆ వ్యాఖ్యానం వివరిస్తుంది. శబ్దసామ్యం మీద ఆధారపడిన ఈ వ్యాఖ్య చారిత్రక వ్యుత్పత్తి కాదు. అయినా బండ, ప్రతిమ, ప్రసవం అనే మూడింటి సంబంధాన్ని ప్రాచీన పాఠకులు గుర్తించారనడానికి ఇది విలువైన సాక్ష్యం.

బండతో మొర

రూపకం జీవించి ఉందనడానికి మరో బలమైన ఆధారం మొర పెట్టే సందర్భాల్లో దొరుకుతుంది. 28వ కీర్తన మొదటి వచనంలో భక్తుడు ‘నా త్సూర్’ అని పిలిచి, మౌనంగా ఉండవద్దని వేడుకుంటాడు. అక్కడి క్రియకు మౌనంగా ఉండటం, వినిపించుకోకపోవడం అనే రెండు అర్థాలూ ఉన్నాయి. 42వ కీర్తన 9వ వచనంలో దేవుణ్ణి ‘నా సెలా’ అని, నన్నెందుకు మరచిపోయావని నిలదీస్తాడు. హబక్కూకు తన త్సూర్‌ను పిలిచిన మరుక్షణమే, దుర్మార్గులు నీతిమంతులను మింగేస్తుంటే ఎందుకు ఊరకున్నావని అడుగుతాడు (1:13).

మాట్లాడకపోవడం బండకు సహజధర్మం. అటువంటి దాన్ని మౌనంగా ఉండవద్దనడంలో రూపకం తనకు తానే ఎదురుతిరుగుతుంది. భక్తుడి భయమంతా ఆ ఒక్క సంబోధనలో ఉంది. తాను నమ్ముకున్నది స్థిరమైన బండ. అది ఎబెన్ లాగా మూగది కూడా అయితే ఏమిటి గతి? మోషే గీతంలో మరచిపోయినవారు బిడ్డలు. 42వ కీర్తనలో మరచిపోయిందని నింద పొందినది బండ. స్థైర్యమనే గుణం ధైర్యానికీ ఆధారమే, నిర్లిప్తతకూ అనుమానమే. కవులు ఈ రెండంచుల స్వభావాన్ని దాచలేదు. యెషయా 8:14లో ఇంకా స్పష్టంగా దేవుడే ప్రజలు తగిలి పడిపోయే త్సూర్ అవుతాడు. ఆశ్రయమిచ్చేదీ, అడ్డుపడేదీ ఒకే బండ.

అనువాదాల్లో ఏం జరిగింది

క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియా యూదులు పంచకాండాలతో ప్రారంభించిన గ్రీకు అనువాదం సెప్టువజింట్. మోషే గీతంలో తేనె, నూనె వచ్చిన బండకు అది ‘పెత్రా’ అనే పదం వాడింది. దేవుణ్ణి సూచించిన త్సూర్‌కు మాత్రం ‘థెయోస్’, అంటే దేవుడు అని నేరుగా రాసింది. కీర్తనల్లో ‘సహాయకుడు’, ‘ఆదుకునేవాడు’ వంటి పదాలు వచ్చాయి. రాతిని దైవంగా కొలిచే పరిసరాల్లో అపోహ కలగకూడదన్న జాగ్రత్త ఇందుకు కారణమన్నది ప్రచారంలో ఉన్న వివరణ. స్టెఫన్ ఓలోఫ్సన్ 1990లో ప్రచురించిన గ్రంథం ఈ సమస్యనే విస్తారంగా పరిశీలించింది. అరమేయిక్ భాషలో ఓంకెలోస్ తర్గూము మోషే గీతంలోని త్సూర్‌ను ‘బలవంతుడు’ అనే అర్థం గల పదంగా మార్చింది. 1611 నాటి ఆంగ్లానువాదం మోషే గీతంలో బండను బండగానే నిలిపి, 18వ కీర్తన రెండో వచనంలోని త్సూర్‌ను ‘బలం’గా మార్చింది.

ఈ అనువాదాలన్నిటిలో జరిగింది ఒక్కటే. ఉపమానాన్ని తొలగించి దాని స్థానంలో సాధారణధర్మాన్ని పెట్టారు. బండ అని పలికితే వ్యంగ్యంగా స్ఫురించవలసిన బలం, సహాయం వాచ్యమయ్యాయి. ఒక ధర్మం వాచ్యమైనప్పుడు మిగిలిన ధర్మాలకు స్ఫురించే దారి మూసుకుపోతుంది.

తెలుగు అనువాదకుల ఎంపిక వీటికంటే కొంత సూక్ష్మమైనది. వారు ఉపమానాన్ని పూర్తిగా తొలగించలేదు, మరో ఉపమానంతో మార్చారు. ‘దుర్గం’ అంటే చేరడం కష్టమైన చోటు. మనుస్మృతి చెప్పిన ఆరు దుర్గాల్లో గిరిదుర్గమే శ్రేష్ఠం. రాయదుర్గం, భువనగిరి వంటి కొండకోటలను ఎరిగిన తెలుగు పాఠకుడికి దుర్గం అనగానే కొండ మీది కోట మనసుకు వస్తుంది. ‘శైలము’ శిలాశబ్దం నుంచి వచ్చినది కనుక త్సూర్‌కు మరింత దగ్గర. పైగా ‘బండ’ పదానికి తెలుగులో మొరటుదనం, మందబుద్ధి, సిగ్గులేనితనం వంటి నిందార్థాలున్నాయి. బండమనిషి, బండబూతులు, బండబారిన మనసు అనే వాడుకలు అందుకు సాక్ష్యం. ‘నా బండా’ అని దేవుణ్ణి పిలవడానికి ఆ పదం ఒప్పదని అనువాదకులు భావించి ఉండటం సహజం.

తెలుగు భక్తి సంప్రదాయం వేసిన బాట కూడా ఇందుకు భిన్నమైనది. ఏడుకొండలవాడు, కొండలరాయడు అనే సంబోధనల్లో దేవుడు కొండకు అధిపతి, కొండమీద నివాసి. సంబంధార్థం అక్కడ ప్రధానం. హెబ్రీ సంబోధనలో దేవునికీ బండకూ మధ్య విభక్తి లేదు, అభేదమే ఉంది. తెలుగు చెవికి పరిచితం కాని ఈ అభేదాన్ని ‘ఆశ్రయ’ పదం చేర్చి అర్థమయ్యేలా చేశారు.

ఇన్ని సమర్థనలున్నా నష్టం మిగిలే ఉంది. మొదటిది, దుర్గం కట్టిన వస్తువు. అది కొండకోట అయినా దానికి గోడలు, బురుజులు, కట్టించిన రాజు ఉంటారు. చెక్కబడనిది, కట్టబడనిది అనే మూలధర్మం ఇక్కడ తారుమారైంది. యెషయా 44లో విగ్రహకారుడి చేతిపనికి ఎదురుగా నిలిపినది మరో చేతిపని అయింది. రెండోది, 32:18లో కన్నది దుర్గం అయినప్పుడు అసంగతత్వం మిగిలింది గాని అది కావ్యార్థాన్ని ఇవ్వదు. బండకు నేలతో, నీటితో, మూలంతో ఉన్న సంబంధం దుర్గానికి లేదు. యిర్మీయా 2:27తో ఉన్న పోలిక, భేదం రెండూ పాఠకుడికి అందవు. మూడోది, 28వ కీర్తనలో దుర్గాన్ని మౌనంగా ఉండవద్దనడంలో ఆ భయం లేదు. దుర్గంలో కావలివాళ్లు ఉంటారు, పిలిస్తే పలుకుతారు. పిలిస్తే పలకనిది బండ. నాలుగోది అన్నిటికంటే సూక్ష్మమైనది. యెషయా 8:14లో దేవుణ్ణే సూచించినా, అక్కడ అడ్డుపడే సందర్భం కాబట్టి అనువాదం ‘బండ’ అనే రాసింది. రక్షించేటప్పుడు దుర్గం, పడగొట్టేటప్పుడు బండ అయినందువల్ల రెండూ ఒకటేనన్న మూలకవుల ఎరుక తెలుగులో రెండు వేర్వేరు వస్తువులుగా చీలిపోయింది.

ముగింపు

త్సూర్ నిరూఢలక్షణ కాదనడానికి మోషే గీతంలోని 13, 18 వచనాల సామీప్యం, 78వ కీర్తనలోని బండల కలయిక, 28వ కీర్తనలోని మొర, హబక్కూకు గ్రంథంలోని పదభేదం తగిన ఆధారాలు. ఈ కవులు బండను బండగా చూస్తూనే దేవుణ్ణి ఆ పేరుతో పిలిచారు. విగ్రహనిరసనకూ ఈ రూపకానికీ మధ్య కనిపించిన వైరుధ్యం పైపైనిదే. మనిషి చెక్కిన రాతిని నిరాకరించడానికి మనిషి చెక్కలేని బండను వారు ఎంచుకున్నారు. తాము చేసుకున్నదానికి కాక తమను కన్నదానికే తాము రుణపడి ఉన్నామని చెప్పడం వారి ఉద్దేశం. తెలుగులో శిలారాధనను విమర్శించిన వేమన వంటి కవులను హెబ్రీ ప్రవక్తలతో పోల్చే అధ్యయనాలు ఈ భేదాన్ని గమనించవలసి ఉంటుంది. ప్రవక్తలు తిరస్కరించినది రాతిని కాదు, రాతిమీద మనిషి చేసిన పనిని దైవమనుకోవడాన్ని.

దేవునికి వాడినచోట గౌరవపదం, వస్తువుకు వాడినచోట వాడుకపదం అనే పద్ధతి అనువాదకుడి భక్తిని తెలుపుతుంది. మూలకవుల భక్తి మాత్రం ఆ పద్ధతిని పాటించలేదు. నీళ్లిచ్చిన బండకూ, అడ్డుపడిన బండకూ, కన్న బండకూ వారు ఒకే పేరు పెట్టారు. మోషే గీతానికి మళ్లీ తెలుగు చేసేవారు కనీసం 4, 13, 18, 31 వచనాల్లో ఒకే పదాన్ని నిలిపితే ఆ పేరులోని బరువు తెలుగు పాఠకుడికి అందుతుంది. ‘కొండబండ’ వంటి మాట ఇందుకు పనికిరావచ్చు. అందులో కొండకున్న గౌరవం ఉంది, బండకున్న మొరటుదనమూ ఉంది. ఆ మొరటుదనం మూలంలోనూ ఉన్నదే కనుక దాన్ని తుడిచివేయవలసిన అవసరం లేదు.